82 వేలకు కొన్న మెటడోర్

నా పద్దు పుస్తకంలో మొదటి పేజీ మొదటి వరుస ఇది: "మెటడోర్, 1991 మోడల్, రూ.82,000." 22 నెలల తరువాత అదే పుస్తకం చివర గీత గీసి వేసిన మొత్తం రూ.7,35,000. ఒడిశాలోని బరంపురంలో 31 సంవత్సరాలు తెలుగు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని నేను. బండి కొన్న ధర మొత్తం ఖర్చులో ఇంచుమించు తొమ్మిదో వంతుకు చేరుతుందని ముందుగా ఊహించలేకపోయినందుకు కొంత సిగ్గుపడుతూనే ఈ వివరాలు రాస్తున్నాను. పాత వ్యాను కొని, లోపల పడుకోవడానికీ వండుకోవడానికీ వీలుగా మార్చుకుందామనుకునేవారు మన వైపు ఈ మధ్య నలుగురైదుగురు తగిలారు. వారందరూ అడిగేది బండి ఎంతకు దొరికిందనే. ఆ జవాబు వల్ల వారికి ఒరిగేది ఏమీ లేదు.

ఈ కోరిక మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో మొదలైంది. అరసవల్లి వెళ్లినా, శ్రీముఖలింగం వెళ్లినా, లాడ్జీవాడు రెండో అంతస్తులో గది ఇచ్చేసరికి ఆవిడ మెట్ల దగ్గరే కూలబడిపోయేది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి ఈ సంగతి చెబితే ఫోనులో ఫోక్స్‌వ్యాగన్ బస్సుల ఫొటోలు పంపాడు. 1947లో బెన్ పోన్ అనే డచ్చి వ్యాపారి ఒక నోటుపుస్తకంలో గీసిన బొమ్మ నుంచి పుట్టి, 1950లో జర్మనీలో తయారీ మొదలైన ఆ బండికి, మరుసటి ఏడాది నుంచే వెస్ట్‌ఫాలియా సంస్థ మంచాలు, అలమరలు అమర్చి అమ్మిందట. బ్రెజిల్‌లో అయితే 2013 చివరి దాకా తయారవుతూనే ఉంది. క్యాంపర్ వ్యాన్ అనగానే ప్రపంచమంతా తలుచుకునేది దానినే. కానీ అటువంటిదాన్ని మన ఓడరేవులో దించుకోవాలంటే కట్టవలసిన సుంకాలే బండి ధరను మించిపోతాయి కనుక, ఫొటోలు చూసి సంతోషించి ఊరుకున్నాను.

మన దగ్గర దొరికేది మెటడోర్. తీరా తెలుసుకుంటే దానికీ ఫోక్స్‌వ్యాగన్‌కూ పాత చుట్టరికం ఉంది. హాంబర్గ్ దగ్గర విడాల్ అండ్ సోన్ వారి టెంపో కర్మాగారం 1949లో తెచ్చిన మొదటి మెటడోర్‌కు బిగించినది ఫోక్స్‌వ్యాగన్ ఇంజనే. ఆ పేరు మోసుకుంటూ 1969లో పూనాలో బజాజ్ టెంపో వారు తయారు చేయడం మొదలుపెట్టిన వ్యాను మన ఊళ్లలో ఎంతగా పాతుకుపోయిందంటే, ఇప్పటికీ మా వీధిలో ఏ మూత వ్యాను వచ్చినా పెద్దవాళ్లు "మెటడోర్ వచ్చింది" అనే అంటారు. ఇంజను తిప్పేది ముందు చక్రాలను. అందువల్ల నేల కింద వెనక్కి పోయే షాఫ్టు ఉండదు, నేల కిందికి ఉంటుంది, పక్క తలుపు తీస్తే ఒక్క అడుగు ఎత్తు చాలు. మా ఆవిడ మోకాళ్లకు ఇంతకంటే మంచి బండి లేదని నేను తేల్చుకున్నది ఈ ఒక్క కారణంతోనే. ఆ ఒక్క విషయంలో నా లెక్క తప్పలేదు.

2022 నవంబరులో రెండు బండ్లు చూశాను. మొదటిది పర్లాకిమిడిలో, ఒక మిల్లు వెనక పాకలో, ఇంజను పట్టేసి కదలని స్థితిలో ఉంది. యజమాని రూ.1,60,000 చెప్పి, ఒక్క రూపాయి తగ్గనన్నాడు. చచ్చిన ఇంజనుకు ఇంత ధరా అనుకుని టీ తాగి వెనక్కి వచ్చేశాను. రెండోది ఉద్దానంలో, సోంపేట దాటాక, ఒక జీడి వ్యాపారి కొబ్బరితోటలో ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫానుకు పక్కనున్న కొబ్బరిచెట్టు దాని మీద పడి పైకప్పు సొట్టపోయింది. ఆనాటి నుంచి నాలుగేళ్లు అది అక్కడే ఉంది. ట్రాక్టరు బ్యాటరీ తగిలించి, హీటర్ ప్లగ్‌లు వేడెక్కే దాకా ఆగి తాళం తిప్పితే, రెండో ప్రయత్నానికి ఇంజను అందుకుంది. నల్లగా ఒక బుస కొట్టి, తరువాత నింపాదిగా గుడగుడలాడింది. తోటలో పనివాళ్లు సైతం చప్పట్లు కొట్టారు. ఆయన రూ.1,20,000 అడిగాడు, రూ.82,000 దగ్గర బేరం తెగింది. ఆ రోజు బండిని నేను చెవితో కొన్నాను, చేతితో తడిమి చూసింది లేదు.

బరంపురం నుంచి ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లు. పెళ్లి సంబంధాలకు, కూరగాయలకు అక్కడ ఒక సరిహద్దు ఉందని ఎవరికీ గుర్తుండదు. బండి కాగితాలకు మాత్రం ఆ పాతిక కిలోమీటర్లూ వేరే దేశమంత దూరం. సొంత వాడకపు బండి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు, ఆ పైన ఐదేసి ఏళ్లు చెల్లుతుంది. ఈ బండిది 2021లోనే ముగిసింది. ఆంధ్రలో దాన్ని పునరుద్ధరించి, అక్కడి కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తీసుకుని, ఒడిశాలో పన్ను కట్టి, ఓడీ-07 నంబరు వేయించుకుంటేగాని అది మా ఇంటి ముందు చట్టబద్ధంగా నిలబడదు. 15 ఏళ్లు దాటిన కార్లు, వ్యాన్లు వంటి తేలికపాటి బండ్ల పునరుద్ధరణ రుసుము 2022 ఏప్రిల్ ముందు దాకా రూ.600 ఉండేది, ఆ నెల నుంచి రూ.5,000 అయింది. మొన్న 2025 ఆగస్టులో, 20 ఏళ్లు దాటినవాటికి దాన్ని రూ.10,000 చేశారు. ఆలస్యానికి వేసే అదనపు రుసుము, హరిత పన్ను, ఒడిశా పన్ను, రెండుసార్లు తీసుకున్న బీమా అన్నీ కలిపి కాగితాలకు రూ.43,500 అయింది. బీమా అయినా థర్డ్ పార్టీకే దొరికింది, బండి విలువకు బీమా ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు.

తనిఖీకి బండి తన కాళ్ల మీద తాను వెళ్లాలి. అందుచేత ముందు ఇచ్ఛాపురంలోని షెడ్డుకు రూ.7,500 ఇచ్చి లాగించుకువచ్చి, యంత్రం పని మొదలుపెట్టించాను. తోటలో ఎంత తీయగా పాడినా ఇంజను విప్పక తప్పలేదు. బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయడం, హెడ్డు పని, డీజిల్ పంపు కాలిబ్రేషన్, నాజిళ్లు, క్లచ్చు, గేరుబాక్సులో రెండు బేరింగులు కలిపి రూ.1,38,000. ఈ ఖర్చు నన్ను బాధించలేదు, ఎందుకంటే ఇందులో చిక్కు లేదు. ఓఎం 616 అని పిలిచే ఈ 2.4 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను బజాజ్ టెంపో వారు మెర్సిడెస్ లైసెన్సుతో చేసినది, అదే కుటుంబం ఇంజన్లు ట్రాక్స్ జీపుల్లో, ట్రావెలర్ వ్యాన్లలో తిరిగాయి. కంపెనీ 2005లో ఫోర్స్ మోటార్స్ అని పేరు మార్చుకున్నా సామాను మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో నేటికీ దొరుకుతుంది. ముందు చక్రాల జాయింట్లకే తిరగవలసి వచ్చింది. అవి వేరే ఏ బండికీ సరిపోవు కనుక, తుక్కుకు పోయిన మరో మెటడోర్ నుంచి ఊడదీసినవి తెచ్చుకున్నాం. వాటికీ బ్రేకులకూ ఐదు టైర్లకూ రూ.71,000 అయింది. పైపూత చూపుకు ఆనడంతో తనిఖీ కూడా గడిచిపోయింది. ఆ పూతే నన్నూ మోసం చేసిందని అప్పటికి నాకు తెలియదు.

2023 జూన్‌లో బండి బరంపురం చేరాక, రంగు వేయిస్తే సగం పని అయిపోయినట్టే అనుకుని, బండ్ల రేకు పని చేసే ఒక టింకరును పిలిచాను. అరవై దాటిన మనిషి, ఒడియా, తెలుగు కలిపి మాట్లాడతాడు. సుత్తిని తల వైపు పట్టుకుని, కర్ర పిడితో బండి చుట్టూ కొడుతూ, చెవి ఆనించి వింటూ నడిచాడు. రేకు బాగున్నచోట "టంగ్" మని మోగింది, కొన్నిచోట్ల తడిసిన అట్టను కొట్టినట్టు "డబ్" మంది. అలా అన్న ప్రతిచోటా గుండ్రం గీయాలి, సుద్ద ఉందా అని అడిగాడు. రిటైరైన మాస్టారి ఇంట్లో సుద్దముక్కలకు కరువా? పెట్టె తెచ్చి ఇచ్చాను. గంట గడిచేసరికి బండి మీద 37 గుండ్రాలు లెక్కపెట్టాను. "ఇంజను గొంతు బాగానే ఉంది మాస్టారూ, ఒంట్లో పసే లేదు" అన్నాడు.

పక్క తలుపు గడప కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడవుగా ఒక రేకు పెట్టె ఉంటుంది. బండి నడుముకు బలమిచ్చేది అదే. ఆయన స్క్రూడ్రైవరు మొన దాని మీద ఆనించి బొటనవేలితో నొక్కాడు, అది పిడి దాకా లోపలికి దిగిపోయింది. పైన తెలుపు రంగు, దాని కింద పసుపు, దాని కింద నీలం, వాటి కింద వేలెడు మందాన పుట్టీ, పుట్టీ వెనక గోనెగుడ్డ కుక్కి ఉన్నాయి. జూన్ ఎండలో కూడా ఆ గోనెగుడ్డ తడిగానే ఉంది. నీరు బయటికి పోవడానికి ఆ పెట్టె అడుగున కంపెనీవారు పెట్టిన రంధ్రాలు ఎప్పుడో బురదతో మూసుకుపోయాయి. లోపల చేరిన ఉప్పుగాలి తేమ రేకును లోపలి నుంచి తింటూ వచ్చింది. తుప్పు బయటపడినప్పుడల్లా అప్పటి యజమాని పుట్టీ పెట్టించి రంగు వేయించాడు. పుట్టీ చెమ్మను పీల్చుకునే సరుకు కనుక, దాని కింద తుప్పు ఇంకా వేగంగా పాకింది. నీలం రంగు వేయించినవాడు రెండు వేలతో, పసుపు వేయించినవాడు ఐదు వేలతో పని జరిపించి ఉంటారు. వారు వాయిదా వేసిన మరమ్మతంతా వడ్డీతో సహా నా వంతుకు వచ్చింది.

ఈ పనికి తక్కువ దారి ఒకటి, ఎక్కువ దారి ఒకటి ఉన్నాయి. పాత రేకు మీదే కొత్త రేకు అతికితే పాతిక వేలలో అయిపోతుంది, మూడో వర్షాకాలానికి మళ్లీ మొదటికి వస్తుంది. తుప్పు పట్టిన భాగాన్ని మంచి రేకు తగిలే దాకా కోసేసి, 18 గేజి రేకును అదే వంపుకు కొట్టి, అంచు నుంచి అంచుకు అతికితే ఖర్చుకు అంతు ఉండదు. నేను రెండో దారి ఎంచుకున్నాను. టింకరుకూ ఆయన కుర్రాడికీ కలిపి రోజుకు రూ.1,400 చొప్పున 82 రోజుల కూలి రూ.1,14,800 అయింది. రేకు, గ్యాసు, రాడ్లు, గ్రైండింగ్ బిళ్లలకు మరో రూ.49,200. బండి వేలు ఎన్నో, కూలి రోజులూ అన్నే కావడం చూసి మా ఆవిడ నవ్వింది, నాకు నవ్వు రాలేదు. ఈ పనిలో తొందరపడకూడని చోటు ఒకటి ఉంది. కోసి తోమిన రేకు మన తీరం గాలికి ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. అందువల్ల ఏ రోజు అతికిన ముక్కకు ఆ రోజే ఎపాక్సీ ప్రైమరు పూయాలని నేను పట్టుబట్టాను. సాయంత్రం పూట బ్రష్షు పట్టుకుని ఆ పని నేనే చేశాను. పెట్టెల లోపలికి పాతకాలం మనుషులు వాడేసిన ఇంజనాయిల్ పోసేవారు, మేము మైనం కలిసిన తుప్పు మందును పైపుతో కొట్టించాం. నీటి రంధ్రాలను మళ్లీ తెరిపించాం. ఈ చివరి పనికి ఒక్క పైసా ఖర్చు కాలేదు. ముప్పై ఏళ్లలో ఎవరైనా ఒక్కసారి చీపురుపుల్లతో అవి పొడిచి ఉంటే, నా పద్దులో లక్ష రూపాయలు మిగిలి ఉండేవి.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. పైకప్పు సొట్ట తీసి సాపు చేయించిన సంతోషంలో, వాన అంచు చుట్టూ అతుకు మందు పూర్తిగా పట్టించకుండానే, వడ్రంగిని పిలిచి నేల మీద ప్లైవుడ్ పరిపించాను. ఆ సెప్టెంబరు వానలకు నీరు అంచు వెంట దిగి, గోడ రేకు లోపలి వైపుగా జారి, ప్లైవుడ్ కింద చేరింది. పది రోజుల తరువాత లోపల అడుగుపెడితే పాత చెప్పుల వాసన వచ్చింది. మొత్తం ఊడదీయవలసి వచ్చింది, రూ.11,000 నీళ్లపాలయింది. పైనుంచి కిందికి పని చేసుకురావాలని ఇంటి మేస్త్రికి కూడా తెలుసు.

రంగుకు రూ.56,000, వైరింగు, అద్దాల రబ్బర్లకు రూ.34,000 అయ్యాయి. రంగు సంగతి చెప్పడానికి ఏమీ లేదు, కింద పసుపు, పైన తెలుపు వేయించాం.

లోపలి అమరికలో చట్టం గురించి ముందే తెలుసుకోవడం నాకు మేలు చేసింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండి రూపాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను గట్టిగా చెప్పింది. అందుకే పైకప్పు కోసి ఎత్తు పెంచుదామన్న మా అబ్బాయి సలహాను పక్కన పెట్టి, సీట్లు తగ్గించడానికి ముందుగా అనుమతి తీసుకుని, ఆ మార్పును ఆర్.సి.లో రాయించుకున్నాను. మంచం, అలమర అన్నీ పాత సీట్ల బోల్టు రంధ్రాలకే బిగించాం, రెండు గంటల్లో విప్పేయవచ్చు. వింటేజ్ బండిగా నమోదు చేయిస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. 2021 నిబంధనల ప్రకారం ఆ నమోదు 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండ్లకే. దానికి రూ.20,000 రుసుము కట్టినా ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజూ నడపడానికి వీలు లేదు. ప్రయాణం చేయదలచుకున్న మనిషికి ఆ గౌరవం ఎందుకు?

నీటికి ఓర్చే 710 గ్రేడు ప్లైవుడ్, మంచం, స్పాంజి పరుపు, 40 లీటర్ల నీళ్ల డబ్బా, ఒంటి బర్నరు పొయ్యి, 5 కిలోల చిన్న సిలిండర్ పెట్టె కలిపి, పైన చెప్పిన నష్టంతో సహా, రూ.92,000 అయింది. సిలిండర్ పెట్టెకు గాలి రంధ్రం పైన కాకుండా అడుగున పెట్టించాం, ఎందుకంటే వంట గ్యాసు గాలి కంటే బరువైనది, కారితే కిందికే చేరుతుంది. కరెంటు సంగతి నా పాత వృత్తికి దగ్గరది కనుక కొనే ముందే లెక్క వేశాను. 25 వాట్ల ఫ్యాను రాత్రి 9 గంటలు తిరిగితే 225 యూనిట్లు కాదు, వాట్-గంటలు (పిల్లలు కూడా ఇక్కడే తప్పేవారు). దీపాలకు, ఫోన్లకు మరో 125. రోజుకు 350 వాట్-గంటలు అనుకుంటే, 12.8 వోల్టుల 100 ఆంపియర్-గంటల లిథియం బ్యాటరీలో 1,280 ఉంటుంది కనుక, ఎండ లేకపోయినా మూడు రాత్రులు గడుస్తాయి. దానికి 200 వాట్ల సోలార్ పలక జోడించి మొత్తం రూ.47,000 పెట్టాం. ఏసీ పెట్టమన్న దుకాణదారుకు ఈ లెక్క చూపిస్తే, ఆయన ఇంకా పెద్ద బ్యాటరీ చూపించాడు.

2024 సెప్టెంబరులో మొదటిసారి తప్తపాణి వెళ్లాం. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు లారీలు కూడా మమ్మల్ని దాటిపోయాయి. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆనించకుండా రెండో గేరులోనే ఇంజను పట్టు మీద దించాను. బల్లపరుపు రోడ్డు మీద గంటకు 55 కిలోమీటర్లు దాని ఇష్టమైన వేగం, లీటరుకు 11 కిలోమీటర్లు ఇస్తుంది. ఆ రాత్రి వేడినీటి గుండం దగ్గర స్నానం చేసి వచ్చి, మా ఆవిడ ఒక్క అడుగు వేసి బండి ఎక్కి, ఆ మంచం మీద కాళ్లు చాపుకుని పడుకుంది.

తరువాత ఒకరోజు ఊరికే కూర్చుని, పర్లాకిమిడి బండి లెక్క వేసి చూశాను. దాన్ని తడిమి చూసిన ఒక పాత డ్రైవరు, ఇంజను పోయినా బండి ఎప్పుడూ పాకలోనే ఉండడం వల్ల రేకు గట్టిగా ఉందని నాకు తరువాత చెప్పాడు. ధరలో రూ.78,000 ఎక్కువ పోయేది. ఇంజను ఖర్చు ఎలాగూ రెండు బండ్లకూ ఒక్కటే. టింకరింగు రూ.1,64,000 బదులు రూ.40,000లో తేలిపోయి, రూ.1,24,000 మిగిలేది. అంటే నికరంగా రూ.46,000 లాభం. అది ఒడిశా బండే కనుక నిరభ్యంతర పత్రం కోసం తిరిగిన ఐదు నెలలు అదనం. ఇంజను సామాను ఆటోనగర్‌లో దొరుకుతుంది, గడప కింద పెట్టె ఏ దుకాణంలోనూ దొరకదు, దాన్ని రోజుకు రూ.1,400 ఇచ్చి పుట్టించుకోవాలి. ఈసారి ఎవరైనా నన్ను బండి చూడడానికి తోడు రమ్మంటే, తాళం తిప్పనివ్వకుండా ముందు అయస్కాంతం పట్టుకుని చుట్టూ తిరుగుతాను. పుట్టీ ఉన్నచోట అది అంటుకోదు.

ఈ వర్షాకాలంలో ముందు అద్దం ఎడమ మూల కింద రంగు రూపాయి బిళ్లంత ఉబ్బింది. సుత్తి పిడితో కొట్టి విన్నాను. సందేహం లేదు, "డబ్" మంది. దాని చుట్టూ సుద్దతో గుండ్రం గీసి, కొత్త పద్దు పుస్తకం కొన్నాను. టింకరు దసరా దాటాక వస్తానన్నాడు.